ఆయన పేరుకు అర్థం వాన

మా ఆయన పేరు ఇక్కడ కూడా రాయను. మూడేళ్ళు చినుకు పడని మా పల్లెలో అత్త దర్గాకు మొక్కుకుందట. బిడ్డ పుట్టిన రోజే వాన కురిసింది. అరబ్బీ చదివిన ముసలి ఫకీరు ఆ పేరు బిడ్డ చెవిలో చెప్పాడు. మొక్కు తీరితే సాయిబుల పేరు పెట్టుకోవడం మా వైపు వింత కాదు గాని, ఈ పేరు మాత్రం తాలూకా మొత్తానికి ఈయనొక్కడికే. అరబ్బీలో ఉత్త వానకు వేరే మాట ఉందట. ఇది ప్రాణం పోతోందని మొరపెట్టుకున్నాక కురిసే వాన.

అలాంటి మనిషిని సముద్రాలు దాటించి తెచ్చి, రోజూ వాన కురిసే నవువా చెరకుతోటల్లో పడేశారు. చెరకు కొట్టి తడిసి ముద్దయి వచ్చిన రోజున, "అంతా మీ ఆయన చలవే" అని కూలీల లైనులో పక్కగది అక్క ఆటపట్టించేది. నా బదులు ఆ పేరు ఎక్కడైనా చెప్పవలసివస్తే తనే చెప్పేది. పెళ్ళాం నోట పేరొస్తే మొగుడి ఆయుష్షు తరుగుతుందని మా అమ్మ మాట. ఎంత నోటిదురుసుదాన్నయినా అది మాత్రం దాటలేదు.

ఐదేళ్ళ గిర్మిట్ ఒప్పందంలో నాలుగో ఏట ఆయనకు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. సర్దారు పొలం నుంచే ఆస్పత్రికి పంపేశాడు. తెలిసి ఒక్కదాన్నే పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి ఏటి ఒడ్డున రోగులను సువా పెద్దాస్పత్రికి పోయే పడవ ఎక్కిస్తున్నారు. వాన పడుతోందని ముఖాల మీదికి గోనెలు కప్పారు, ఎవరెవరో తెలియడం లేదు. కాగితం పట్టుకుని కాంపౌండరు అడ్డం నిలబడి నా మొగుడి పేరు అడిగాడు.

"తుమార్ ఆద్మీ కే నామ్ కా హై?"

"బరసాత్," అన్నాను, వాన అని.

"అయిసన్ కోయి నామ్ నహీ."

అలాంటి పేరేదీ లేదట. కాగితంలో ఉన్న పేరు చెబితేనే పడవ ఎక్కనిస్తాడట. "ఏమయ్యో" అని కేకేశాను. అందరి పెళ్ళాలూ అలాగే పిలుస్తారు, ఎవరు కదులుతారు?

ఒడ్డు మీద కాలుకాలిన పిల్లిలా తిరిగాను. చెప్పే అక్క పొలంలో ఉంది. చెబితే ఆయుష్షు తరుగుతుంది, చెప్పకపోతే మనిషే దక్కడు. కాంపౌండరు మీద ఒళ్ళు మండింది. అత్త మీద, ఆ ఫకీరు మీద కూడా మండింది. ఏ దేవుడి పేరో పెట్టి ఉంటే దండం పెట్టుకుంటున్నట్టు పలికి బయటపడేదాన్ని కదా.

తాడు విప్పారు. పడవ కదిలింది. అప్పుడు అరిచాను ఆయన పేరు, గొంతు చిరిగేలా. ఒక గోనె కింద నుంచి చెయ్యి లేచింది. పడవ ఆగలేదు.

సువా చేరకముందే పోయాడు. పడవలో ఆయన పక్కన పడుకున్నతను నయమై తిరిగొచ్చి నాతో చెప్పాడు.

"ఎవురు పిలిచింది అని అడిగినాడు వదినా. నీ పెండ్లామే అన్నా. నవ్వినాడు. మల్లా పిలుస్తాదేమో అని శానాసేపు చెవులు రిక్కించుకోని ఉన్నాడు."

నేను మళ్ళీ పిలవలేదు. ఆయుష్షు ఇంకా తరుగుతుందేమోనని రెండు చేతులతో నోరు మూసుకుని ఒడ్డున నిలబడ్డాను.