జెల్ లైటు కింద చేతులు

మాది బెల్లంపల్లి. మా బాపు బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను బ్యూటీషియన్ కోర్సు చేసి, ఆరేళ్లుగా కరీంనగర్‌లోని ఒక పార్లర్‌లో గోళ్ల పని చేస్తున్నాను. జెల్ పాలిష్ మామూలు గోళ్ల రంగులా గాలికి ఆరదు. ఒక్కో పూత వేశాక చేతిని చిన్న డబ్బాలాంటి లైటులో పెట్టాలి. అప్పుడే అది గట్టిపడుతుంది. ఎండలో ఉండే యూవీ కిరణాలే అందులోనూ ఉంటాయని కోర్సులో చెప్పారు. పరీక్షలో రాసి మరిచిపోయాను.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో హుస్నాబాద్ నుంచి ఒక అమ్మాయి, వాళ్ల అమ్మ వచ్చారు. మూడు రోజుల్లో అమ్మాయికి నిశ్చితార్థం. మొదటి పూత వేసి చేతిని లైటులో పెట్టించగానే తల్లి వంగి చూసింది.

"బిడ్డా, గా లైటు కింద పెడ్తె తోలు కాలదా?"

"ఏం గాదమ్మా, రోజు ఎంతమందికో పెడ్తున్న" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. "పిల్ల చేతులు ఎర్రగయినయి. మంట మంట అని ఏడుస్తుంది. ఏం గాదంటివి గద!"

పార్లర్ నడిపే అక్కకు చెప్పాను. "నువ్వు పోకు. పోతె తప్పు మనదే అయితది" అంది. ఒక గంట ఆ మాట మీదే కూర్చున్నాను. ఒకామె కనుబొమలు చేస్తుంటే దారం రెండుసార్లు తెగింది. ఇక ఉండబట్టలేక తల్లికి ఫోన్ చేసి, పిల్లను తీసుకుని కరీంనగర్ రమ్మన్నాను. బస్టాండుకు వెళ్లి వాళ్లను కలుసుకుని చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను.

చేతుల పైభాగం మణికట్టు దాకా ఎర్రగా కందిపోయింది. వేళ్లు కాస్త ఉబ్బాయి. డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమైనా గోలీలు వాడుతున్నావా?" అని అడిగింది.

"మొటిమలకు మేడం. నెల నుంచి."

"ఎండలో తిరిగావా?"

"స్కూటీ మీద పొయ్యి చుట్టాలను పిలిచొచ్చిన."

"ఈ గోలీలు వాడేటప్పుడు కొందరి చర్మం ఎండకు ఓర్చుకోదు. ఆ లైటు కూడా ఎండలాంటిదే. ఇందులో ఎండ చేసింది ఎంత, లైటు చేసింది ఎంత అంటే నేను చెప్పలేను" అంది డాక్టరమ్మ. గోలీలు మార్చి, పూయడానికి మందు రాసింది. తర్వాత నా వైపు తిరిగింది. "ఏం మందులు వాడుతున్నారని మీరు అడగరా?"

"అడగలే మేడం" అన్నాను.

బయటికొచ్చాక తల్లి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నేను అడిగినప్పుడు తెల్వదంటె అయిపోతుండె గదనే" అంది అంతే. ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు.

నిశ్చితార్థం నాటికి వాపు తగ్గింది, ఉంగరం పట్టింది. ఫొటోల్లో మాత్రం పిల్ల చేతులు కొంగు చాటున దాచుకుందట. వారం తర్వాత పొర లేచిపోయి మామూలు చర్మం వచ్చిందని తల్లే ఫోన్ చేసి చెప్పింది.

ఇక నుంచి అందరినీ మందుల గురించి అడుగుతానని, గ్లౌజులు తొడుగుతానని అక్కతో అన్నాను. "గట్ల అడిగితె పరేషాన్ అయి లేచి పోతరు" అంది. అయినా బజారుకు వెళ్లి మందపాటి నల్ల గ్లౌజులు నాలుగు జతలు తెచ్చాను. గోళ్లు మాత్రమే బయటికొచ్చేలా వేళ్ల కొసలు కత్తిరించి, పోగులు ఊడకుండా అంచులు కుట్టాను. వచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టి, ఏం మందులు వాడుతున్నారో అడిగి, చేతులకు సన్‌స్క్రీన్ రాసి, పావుగంట ఆగేదాన్ని. చర్మం ఎండకు ఓర్చుకోకుండా చేసే మందులు వాడుతున్నవాళ్లకు మామూలు పాలిష్ వేస్తానని, జెల్ కావాలంటే ముందు డాక్టర్‌ను అడిగి రమ్మని చెప్పేదాన్ని. కొందరు నవ్వారు. "గిదేంది, బైకు తోలెటోళ్ల లెక్క!" అంది ఒకామె. లేచిపోయినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. నెల తిరక్కముందే అక్క తన గోళ్లకు జెల్ వేయించుకోవడానికి కూర్చుని, "గా గ్లౌజులు ఏవే?" అని తనే అడిగింది.

ఆ అమ్మాయి పెళ్లికి ముందు మళ్లీ వచ్చింది. ఈసారి మామూలు పాలిషే. రంగు ఆరడానికి ఫ్యాను కింద వేళ్లు చాపుకుని చాలాసేపు కూర్చుంది. ఆలోగా ఫోన్ మోగితే ఎత్తి చెవి దగ్గర పట్టుకోవడం నా పనయింది.

మొన్న ఆదిలాబాద్ వైపు నుంచి ఒక పెద్దావిడ, మనవరాలి పెళ్లికని జెల్ వేయించుకోవడానికి వచ్చింది. గ్లౌజులు చూసి, "ఎండల పత్తి ఏరిన చేతులివి. గీ లైటు ఏం జేస్తది?" అంది.

"ఒక్కసారికి ఏం గాకపోవచ్చమ్మా. జర తొడుక్కోరాదు" అన్నాను.

తొడుక్కుంది. ఆమె బొటనవేలు లావు, పట్టలేదు. కత్తెర తీసుకుని గ్లౌజును ఆ వేలు దగ్గర ఇంకాస్త కత్తిరించాను.