ధర్మలింగం మాస్టారి రోజుకొక్క వంకాయ

ధర్మలింగం మాస్టారు సూత్రం లేకుండా నోరు విప్పేవారు కాదు. బరంపురం బడా బజార్లో, మా బట్టల కొట్టు పక్క మేడగదిలో ఉంటూ ప్లస్ టూ కామర్స్ పిల్లలకి అకౌంట్స్ ట్యూషన్ చెప్పేవారు. ట్యూషన్ సాయంత్రం ఏడింటికి ముగిసేది. సూత్రాలు ముగిసేవి కావు.

"బాగున్నారా మేస్టారూ" అని మా నాన్న సోమేశ్వరరావు పొరపాటున అడిగారొకసారి.

"ఆస్తులు ఎప్పుడూ అప్పులూ మూలధనమూ కలిపినంతే ఉంటాయండి. నా ఆస్తి ఈ గొడుగు. అప్పులు లేవు. అంచేత నా మూలధనం కూడా ఈ గొడుగే."

"మంచి గొడుగే."

"ఖరీదు నలభై. తొమ్మిదేళ్లు మన్నుతుంది. ఆపైన చిత్తు సామాన్లవాడు నాలుగిస్తాడు. నలభైలోంచి నాలుగు తీసేసి తొమ్మిదితో భాగించండి. ఏడాదికి తరుగుదల ఎంత?"

నాన్న లెక్క కట్టలేదు. లోపలికెళ్లి, లేని పని వెతుక్కున్నారు.

బజారంతా అంతే. ఆయన వీధి మలుపు తిరిగితే కిరాణా కొట్టు కూర్మారావుగారు కళ్లు మూసుకుని జపం మొదలెట్టేవారు. మాస్టారి భార్య భారతీదేవిగారు పోయి అప్పటికి ఆరేళ్లు. పిల్లల్లేరు. ఒక దసరా సెలవుల తరవాత ట్యూషన్‌కి వెళ్తే మాస్టారి గొంతు బొంగురుగా ఉంది.

"జలుబా సార్" అన్నాను.

"కాదు వాసవీ. మాట్లాడి పది రోజులయింది."

నవ్వించడానికే అన్నారనుకుని నవ్వేశాను.

ఆ ఏడాదే వంకాయల గోల మొదలైంది. మా కొట్టు అరుగు కింద తవిటమ్మ కూరగాయలు అమ్మేది. చికిటి నుంచి మొదటి బస్సులో బుట్టలతో దిగేది. కూతురు గురువమ్మ పదింటిదాకా తూకం వేసి, ఆ తరవాత కాలేజీకి వెళ్లేది. మాస్టారు రోజూ తొమ్మిదింటికి వచ్చి ఒకే ఒక్క వంకాయ తీసుకునేవారు. దానికి అరగంట బేరం.

"పొద్దున్న మొదటి నిల్వ ఎంతమ్మా?"

"ఎనబై కాయలండి" అనేది గురువమ్మ.

"మధ్యలో కొనుగోళ్లు?"

"పక్క బుట్ట కాడ ఇరవై కొన్నాము."

"చివరి నిల్వ?"

ఆమె లెక్కపెట్టేది. "ముప్పై."

"అయితే అమ్మిన సరుకెంత?"

"మొదటిదానికి కొన్నది కలిపి, మిగిలింది తీసేత్తే... డెబ్బై."

"ఊఁ. ఓ వంకాయియ్యి."

చుట్టూ ఉన్న కొట్లవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవారు. మాస్టారికి పూర్తిగా మతి చలించిందని నాన్న తేల్చేశారు. నాకైతే సిగ్గుగా ఉండేది, ఆయన దగ్గర చదువుకుంటున్నానని చెప్పుకోవడానికి.

మాఘమాసంలో ఒకరోజు నాకు అనుమానం తగిలింది. ముందురోజు మాకు స్థూల లాభం చెప్పారు. మర్నాడు గురువమ్మని పుచ్చు వంకాయల మీద అదే అడుగుతున్నారు. పాఠ్యపుస్తకంలో ఏ అధ్యాయం తరవాత ఏదో, బుట్ట దగ్గరా అదే వరస. గోనెసంచి కింద చూస్తే గురువమ్మ ప్లస్ టూ అకౌంట్స్ పుస్తకం, అంతా ఇంగ్లీషు; మొదటి పదిపేజీలు మాత్రమే నలిగి ఉన్నాయి.

నిలదీస్తే మాస్టారు మేడమెట్ల మీద కూర్చుండిపోయారు. "ఆ పిల్ల టెస్టులో తప్పింది. డబ్బు వద్దు, ట్యూషన్‌కి పంపమన్నాను. 'ఊరికినే సెప్పించుకోం బాబూ' అంది తల్లి. కొనుక్కునేవాణ్ణి కాదనలేదుగా. ఎవరికీ చెప్పకు."

చెప్పలేదు. ఫలితాలొచ్చాయి. గురువమ్మకి అకౌంట్స్‌లో ఎనభై ఒకటి. నాకు డెబ్బై నాలుగు. ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు నన్ను వెంటబెట్టుకుని మేడగదికి వెళ్లారు. మాస్టారు కంగారుపడ్డారు. ఆ గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అది తవిటమ్మకి జరిపి, తను గోడకి అతుక్కుని నిలబడ్డారు.

"మాకు తెలీదనుకున్నారేటి బాబూ" అంది తవిటమ్మ. "తొలివారమే కనిపెట్టినాను. తెలిసిపోయిందని సెప్తే సిగ్గుపడి మానేత్తారని ఊరుకున్నాను. అందుకే మీకు దినమూ లేత కాయే ఏరి ఇచ్చీదాన్ని."

మాస్టారు నెమ్మదిగా, "నాకు వంకాయ పడదమ్మా. ఒళ్లు దురద. వీధిలో ఆవుకి పెట్టేవాణ్ణి" అన్నారు.

గురువమ్మ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. తవిటమ్మ మాత్రం దాచుకోలేదు, కళ్లంట నీళ్లొచ్చేదాకా నవ్వింది. "అయితే ఆదివారం మా ఇంటికి రండి. సేపల పులుసు ఒండుతాను. అది పడద్దా?"

"ఎన్ని గంటల బస్సు?" అన్నారు మాస్టారు.

ఆదివారం చికిటి బస్సు తొమ్మిదింటికి. ఏడింటికి నాన్న కొట్టు తెరుస్తుంటే, ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, చేతిలో అరటిపళ్ల సంచితో మాస్టారు గబగబా బస్టాండు వైపు వెళ్తున్నారు.

"ఇంత పెందరాళే ఏటి మేస్టారూ?" అన్నారు నాన్న.

ఆయన ఆగలేదు. "బస్సు ముందే వచ్చేస్తేనో?" అంటూ వెళ్లిపోయారు.