చిన్నాయన ఎత్తుమీటరు

తూర్పుగాలి తడిమన్ను వాసన మోసుకొస్తే ఎందరికి హాయిగా ఉంటుందో గానీ, నాకు శ్రీకాళహస్తిలో ఏటి పక్కన నేను ఉండి చదువుకున్న మా చిన్నమ్మ వాళ్ల అద్దె ఇంట్లో అలసంద వడలు వేగే పొగ, కొట్టంలో దూడ మెడగంట, స్వర్ణముఖి ఇసుకలో మేం తవ్వుకున్న చెలమల చల్లదనం అన్నీ ఒక్కసారిగా గుర్తుకొస్తాయి.

చిన్నమ్మ భర్త, మా చిన్నాయన, బడిపంతులు. విమానాల్లో ఎత్తు చూపించే మీటరొకటి మద్రాసు పాత సామాన్ల అంగడిలో కొనుక్కొచ్చి, దేవుడి పటం కంటే పైన తగిలించాడు. చిన్నమ్మకు ఏటి నీళ్లంటే భయం. మిట్టన ఇల్లు కట్టమని అడిగింది. దసరా సెలవుల్లో ఒక ఎండ పొద్దున ఆయన ఏటి ఇసుక మీద ముల్లును సున్నాకు తిప్పి, రెండు రోజులు పోయాక, మబ్బు కమ్మి ముసురు పట్టబోతుండగా మమ్మల్ని వెంటేసుకుని ఒక ఖాళీ స్థలంలో నిలబడ్డాడు.

“సూడు, నలబై అడుగులు!”

“నడిస్తే మిట్టెక్కినట్టే లేదు గదయ్యా,” అంది చిన్నమ్మ.

“గొడ్డు కాళ్లు నీవి. వాటికేం తెలుసే? ఇది ఇమానాల్లో పెట్టేది.”

అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది.

ఆ మీటరు కొలిచేది నేలను కాదు, గాలి బరువును. వాయుగుండం దగ్గరపడి గాలి తేలికైతే, కదలకుండా ఒకేచోట ఉన్నా ముల్లు పైకి పోతుంది. అందుకే వాడే ముందు ప్రతిసారీ సరిచేసుకోవాలి. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆ స్థలంలోనే మిద్దె లేచింది. మరుసటి ఏడు కార్తీకంలో తుఫాను పట్టి, మధ్యాహ్నానికి ఏరు వాకిట్లోకి వచ్చింది. బడికాడికి పోదామని చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. చిన్నాయన తలుపుకు అడ్డం నిలబడి, ఏటి ఒడ్డున తిప్పాక మళ్లీ ముట్టని ఆ మీటరు అద్దాన్ని వేలితో తట్టాడు.

“ఎనబై సూపిస్తా ఉండాది! యాడికే పోతావు?”

తుఫాను ముదిరేకొద్దీ ముల్లు ఎక్కింది. ముల్లు ఎక్కేకొద్దీ ఆయన మొండికేశాడు. నీళ్లు మొలలోతుకు వచ్చాక నన్నూ చిన్నాయననూ మిద్దె మీదికి ఎక్కించి, దూడను విప్పడానికి దిగిన చిన్నమ్మ మీద వెనక గోడ పడింది.

ఊరు ఆయన్ను వదల్లేదు. వీధిలో కనబడితే చాలు, తలలు నెరసినవాళ్లు కూడా “అయివారూ, ఈ పొద్దు ఎన్నడుగులుండాం?” అని అడిగేవాళ్లు. ఆయన కోప్పడేవాడు కాదు. ఆగి, ఆకాశం చూసి, “మబ్బుండాది గదప్పా, సరిగా సూపదు,” అని చెప్పి పోయేవాడు.

ఇప్పుడక్కడ ఏరంటే లారీలు ఇసుక తోడేసిన గుంతలే. ఆ స్థలంలో ఎవరిదో మేడ ఉంది. చిన్నమ్మది ఫోటో ఒకటే ఉండేది, అది ఆ వెనక గోడకే ఉండేది. ఆమెను చూసినవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను. ఆమె ముఖం నాకు గుర్తు రావడం లేదు.