సువార్తమ్మ ఎత్తిన పాట

మా చర్చిలో ఆదివారం పొద్దున అయ్యగారు కీర్తన పేరు చెప్పి ఊరుకుంటారు. ఆ తర్వాత కాసేపు ఎవరూ నోరు విప్పరు. ఆడవాళ్ల వైపు ముందు చాప మీద కూర్చున్న సువార్తమ్మ పైట సర్దుకుని, కళ్లు మూసుకుని, మొదటి మాట అందుకోవాలి. అప్పుడే పాట మొదలైనట్టు. దాన్ని పాట ఎత్తడం అంటారు. కొవ్వూరు దగ్గర మా ఊళ్లో ఆ పని ఆమెకి ఎవరూ అప్పగించలేదు. అంతకుముందు వాళ్ల అత్తగారు ఎత్తేది. అత్తగారు మంచాన పడ్డాక కోడలు అందుకుంది. మిగతా వారమంతా సువార్తమ్మ పొలం కూలికి వెళ్లేది. ఊడ్పుల్లోనూ ఆమె గొంతే ముందు నడిచేది.

ఆ గొంతు సన్నం. ఎత్తు మరీ ఎక్కువ. పల్లవి వరకు ఆమె వెనకాల ఎలాగో పరిగెత్తేవాళ్లం గాని, చరణం దగ్గరికొచ్చేసరికి సగంమందిమి చతికిలబడేవాళ్లం. మగవాళ్లయితే రెండో మాటకే దిగిపోయేవారు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఎవరో ఒకరు అనేవారు.

"సువార్తమ్మ గారూ, వచ్చే వారం పాట ఎత్తేముందు చెప్పండి. నిచ్చెన తెచ్చుకుంటాం."

"నిచ్చెన దేనికండీ? పొద్దున్నే రెండు పచ్చిగుడ్లు తాగి రండి. అదే అందుద్ది."

నవ్వుకునేవారు తప్ప, ఆ ఎత్తు తప్పని ఎవరికీ తోచలేదు. ఆ పాటలు పుట్టడమే అంత ఎత్తున పుట్టాయనుకున్నాం. అందనివాళ్లది అందని గొంతు, అంతే. ఆమె భర్త యెహెజ్కేలు కూడా అలాగే అనుకున్నాడు. ఆయన చర్చి గంట కొడతాడు. గంట కొట్టి వచ్చి మగవాళ్ల వైపు చివరి బల్ల మీద కూర్చుని పెదాలు మాత్రం కదుపుతాడు. ఆయనకి పాట రాదని ఊరంతా తీర్మానించేసింది.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఏడాది, ఎండాకాలం దాళ్వా వరి కోతల్లో ఆమెకి జ్వరం వచ్చింది. ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు. కళ్లంలో ఎండ తగిలిందనుకుని మజ్జిగ తాగి పడుకుంది. జ్వరం తగ్గింది. తగ్గిందని సంతోషపడి ఆ సాయంత్రం ఇంటి ప్రార్థనలో ఎప్పటిలా పాట అందుకుంది. మధ్యలో యెహెజ్కేలు కళ్లు తెరిచాడు.

"ఏమే, అక్కడెందుకు ఆగేవు?"

"ఎక్కడ ఆగేను?"

"మాట మధ్యలో ఆగి గాలి పీల్చేవు. మా అమ్మ దగ్గర్నుంచీ వింటన్నాను, అక్కడెవరూ ఆగరు."

"నీకేం తెల్సయ్యా, పాట రానోడివి!"

"పాడ్డం రాదు. వినడం వచ్చు కదా!"

ఆయన వెళ్లి ఆశా కార్యకర్తను పిలుచుకొచ్చాడు. ఆమె సువార్తమ్మ వేలికి ఆక్సిజన్ చూసే చిన్న మిషన్ తగిలించి చూసింది. నమ్మకం కుదరక తన వేలికి పెట్టుకుని, మళ్లీ సువార్తమ్మ వేలికి పెట్టింది. వెంటనే ఆటోకి ఫోన్ చేసింది. గోదావరి మీద వంతెన దాటుతున్నంతసేపూ సువార్తమ్మ "నాకేం ఆయాసంగా లేదండీ" అంటూనే ఉంది. ఆ మాట అనడానికే రెండుసార్లు ఆగింది.

రాజమండ్రి ఆసుపత్రిలో స్కానింగ్ తీసి, ఊపిరితిత్తులు సగానికి సగం తెల్లబడ్డాయన్నారు. ముక్కూ నోరూ కప్పేసే ఆక్సిజన్ మాస్కు పెట్టారు. పొట్ట మీద ఇంజెక్షన్, చేతికి స్టెరాయిడ్. దాంతో ఎన్నడూ లేని షుగరు పైకి లేచింది. పగలంతా బోర్లా పడుకోమన్నారు. ఒళ్లంతా తొడుగులో, కళ్లు మాత్రమే కనిపించే నర్సు ప్రిస్కిల్లా మంచాల మధ్య తిరుగుతూ, వెల్లకిలా తిరిగినవాళ్లనల్లా పట్టుకునేది.

"సువార్తమ్మ గారూ, మళ్లీ తిరిగేరా? బోర్లాండి, బోర్లా!"

"వీపెక్కడమ్మా ఆనేది? ఇలా పడుకోడం పసిపిల్లలకి గాని…"

"అయితే పసిపిల్లే అనుకోండి. తిరగండి."

ఎడమవైపు మంచం ధవళేశ్వరం పెద్దింట్లమ్మది. రేవులో చేపలమ్మే మనిషి. ఆమెకి జ్వరమే రాలేదు. విరేచనాలు పట్టుకున్నాయి, ముక్కుకి వాసన పోయింది. చేప పాడైందో లేదో తెలియక బుట్టెడు చేపలు పారబోశాక ఆసుపత్రికి వచ్చింది. కుడివైపు సత్యవాణిది. ముగ్గురిలోనూ చిన్నది, ఏదో ఆఫీసులో గుమస్తా. తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ, ఫోన్లో మాట్లాడుకుంటూ వార్డులోకి వచ్చింది. ఆయాసం అన్నమాటే లేదు. కానీ ఆమె వేలి మిషన్ చూసినప్పుడల్లా డాక్టర్ల ముఖాలు మారిపోయేవి. ఒకటే జబ్బు మనిషికో రకంగా ఉండడం సువార్తమ్మకి వింతగా తోచింది.

"వదినా, నీకు గాలి లేదు, నాకు వాసన లేదు. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మనిషవుద్ది" అంది పెద్దింట్లమ్మ.

సువార్తమ్మ నవ్వబోతే దగ్గు తెర ముంచుకొచ్చింది. ప్రిస్కిల్లా వచ్చి ఇద్దర్నీ కోప్పడింది.

ఒక సాయంత్రం సత్యవాణిని ఐసీయూకి మారుస్తామన్నారు. ఆ అమ్మాయి మొదటిసారి భయపడింది.

"పిన్నిగారూ, మీరు చర్చిలో పాడతారన్నారు కదా. ఏదైనా పాడండి. మీ దేవుడి పాటైనా పర్లేదు."

పాడడానికి సువార్తమ్మ దగ్గర ఊపిరేది? మాటలు వదిలేసి, మాస్కు లోపలే, గొంతు అడుగునుంచి వరస మాత్రం తీసింది. ఆమె పాట అంత కిందకి ఎప్పుడూ దిగలేదు. తుమ్మెద ఝుంకారంలా ఉందట. రెండోసారి తిరిగేసరికి సత్యవాణి అందుకుంది. పెద్దింట్లమ్మ తెలియని పాటైనా తలాడిస్తూ వెంట కూనిరాగం తీసింది. స్ట్రెచర్ వచ్చేవరకూ ముగ్గురూ అలా ఉన్నారు.

సత్యవాణి తిరిగి రాలేదు. ఆ మంచం మీద ప్రిస్కిల్లా కొత్త దుప్పటి పరిచింది.

డిశ్చార్జి చేసేటప్పుడు సువార్తమ్మ డాక్టరుని ఒకే ప్రశ్న అడిగింది.

"మళ్లీ పాడగలనాండీ?"

"ముందు మెట్లెక్కండమ్మా, పాటలు తర్వాత చూద్దాం" అన్నాడాయన. మూడు గోళీలున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, గొట్టంలోంచి గాలి లాగి గోళీల్ని లేపుతూ ఉండమన్నాడు. ఇంటికొచ్చాక సువార్తమ్మ అరుగు మీద కూర్చుని దానితో కుస్తీ పట్టేది. ఒక్క గోళీ లేచేది, అదీ సగానికి. జుట్టు పాయలు పాయలుగా ఊడింది. బిందె ఎత్తితే గుండె దడదడలాడేది. అవన్నీ ఆమె పట్టించుకోలేదు. గోళీలు లేవకపోతే మాత్రం అన్నం సహించేది కాదు.

చర్చి తలుపులు మళ్లీ తెరిచాక ఆమె ముందు చాప మీద కూర్చోలేదు. కిటికీ పక్కన కుర్చీ వేయించుకుంది. స్కూల్లో టీచరుగా పనిచేసే తబిత పాట ఎత్తింది. మంచి గొంతు. కానీ పాట అంటే సువార్తమ్మ అందుకునే ఎత్తే అని చిన్నప్పటినుంచీ తెలుసు కాబట్టి, ఆ పిల్ల కూడా అక్కడికే ఎగిరింది. చరణం దగ్గర గొంతు చీలిపోయింది. మరుసటి వారం కూడా అంతే. ఆ పైవారం ఐజాక్ అయ్యగారు తానే అందుకుని, తానే ఆపేసి ప్రసంగంలోకి వెళ్లిపోయారు.

తబిత ఇంటికొచ్చి బతిమాలింది. "అమ్మమ్మా, కోత పండక్కి మీరే ఎత్తాలి. నావల్ల కాదు."

"గోళీయే లేవట్లేదే, పాటేం లేస్తది? మధ్యలో తెగిపోతే అందరి ముందూ ఏం మొహం పెట్టుకోను?"

తబిత వెళ్లిపోయాక యెహెజ్కేలుతో అంది, "పాట ఎత్తకపోతే ఆ చర్చిలో నేనెవర్నయ్యా? కుర్చీలో కూచునే ముసల్దాన్ని."

ఆయన గోళీల డబ్బా తెచ్చి చేతికిచ్చాడు.

చలికాలం సార్వా పంట కోతలయ్యాక కోత పండుగ వచ్చింది. చర్చి స్తంభాలకి వరి కంకులు కట్టారు. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు. ధవళేశ్వరం నుంచి పెద్దింట్లమ్మ ఎండురొయ్యల బుట్టతో దిగింది. చెప్పులు విడిచి, సువార్తమ్మ కుర్చీ పక్కనే నేలమీద కూలబడి బుట్ట ఆమె ముక్కు దగ్గర పెట్టింది.

"చూడు వదినా, బాగున్నాయా? నాకింకా ఏమీ తెలీట్లేదు."

"శుభ్రంగా ఉన్నాయి. తీసెయ్, కోళ్లు చూస్తన్నాయి."

అయ్యగారు కీర్తన పేరు చెప్పి, అలవాటు కొద్దీ ముందు చాప వైపు చూశారు. అక్కడ తబిత తల దించుకుని కూర్చుంది. ఒక కోడి రెక్కలు కొట్టుకుంది.

పెద్దింట్లమ్మ మోచేత్తో పొడిచింది. "ఆసుపత్రిలో ఆ పిల్లకి పాడేవే, అలా తియ్యి."

సువార్తమ్మ లేవలేదు. కుర్చీలోనే కళ్లు మూసుకుని, గొంతు అడుగునుంచి, వార్డులో తీసిన చోటనుంచే పాట తీసింది. మొదటి పాదం ఆమె ఒక్కతే పాడింది. ఇంత కింద మొదలైన పాట మాకు కొత్త. ఎక్కడ అందుకోవాలో తెలియక ఒకరినొకరు చూసుకున్నాం. రెండో పాదానికి అందుకున్నాం. అందింది. చరణం వచ్చింది, అదీ అందింది. మగవాళ్ల వైపునుంచి బరువుగా, బండి కదిలినట్టు పాట కదిలింది. మాట మధ్యలో సువార్తమ్మ ఊపిరికి ఆగిన చోటల్లా పాట మాత్రం ఆగలేదు. మేం మోసుకుపోతుంటే ఆమె గాలి పీల్చుకుని మళ్లీ వచ్చి కలిసేది.

అందరికంటే ఒక అడుగు వెనకగా, దూడ తప్పిపోయిన గేదెలా ఒక గొంతు వినిపిస్తోంది. సువార్తమ్మ పాడుతూనే వెనక్కి తిరిగి చూసింది. చివరి బల్ల మీద యెహెజ్కేలు కళ్లు మూసుకుని నోరంతా తెరిచి పాడుతున్నాడు.

బయటికొచ్చాక ఆయన్ని నిలదీసింది. "ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?"

"నువ్వు కొబ్బరిచెట్టు మొవ్వులో పెడితే నేను కిందనుంచి ఎలా అందుకోనే?"

"చెప్పొచ్చు కదా!"

"పాట ఎత్తు అంతేనేమో అనుకున్నాను."

"ఆ గొంతుకి ఎత్తైతేనేం, పల్లమైతేనేం" అంది పెద్దింట్లమ్మ. అందరూ నవ్వారు. యెహెజ్కేలు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఈస్టరు నాటికి డబ్బాలో మూడు గోళీలూ లేచాయి. షుగరు బిళ్లలు మిగిలాయి గాని, మెట్లు ఆగకుండా ఎక్కేది. ఆ ఆదివారం తిరిగి ముందు చాప మీద కూర్చుంది. అయ్యగారు కీర్తన చెప్పారు. సువార్తమ్మ పైట సర్దుకుని కళ్లు మూసుకుంది. గొంతు బాగుపడ్డ సంబరంలో మొదటి మాట పాత చోటికి, మొవ్వులోకి ఎగిరిపోయింది. వెనక చివరి బల్ల దగ్గర ఎవరో గాలి పీల్చుకుని అలాగే బిగబట్టారు.

ఆమె ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఖళ్లు ఖళ్లున దగ్గింది. అది కరోనా దగ్గు కాదని చర్చి మొత్తానికి తెలుసు. దగ్గు అయ్యాక కొంగు తీసి, మళ్లీ కిందనుంచి ఎత్తింది.