మంగమ్మ పేరు ఉండాల్సిన చోట

ముప్పై ఏళ్లుగా ఈ మాట లోపలే పెట్టుకుని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. ముఖం తెలియని మీకైతే చెప్పగలననిపించింది.

అప్పట్లో వేలూరులో ఒక కాలేజీ ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి. గుడియాత్తం దగ్గరి పొలం నుంచి తెచ్చిన మట్టిని నీళ్లలో కలిపి సూక్ష్మదర్శిని కింద చూస్తుంటే, ఒకరోజు వడ్లగింజల్లాంటి బుల్లి గుల్లలు కనిపించాయి. ఏదో పరాన్నజీవి విడిచినవి. అది ఏ ప్రాణి కడుపులో బతుకుతుంది? నాకు దొరికిన ఏ పుస్తకంలోనూ లేదు. రెండేళ్లు వెతికాను. వానపాములు కోశాను, పేడపురుగులు కోశాను, చెదల్ని కూడా వదల్లేదు. అన్నం తింటున్నా అదే ధ్యాస.

ఆ పొలం మంగమ్మది. భర్త పోయాక తనే సేద్యం చేయించేది. తెలుగు, తమిళం రెండూ గలగలా మాట్లాడేది గాని, ఏ అక్షరమూ రాదు. నేను మట్టి ఎత్తుతుంటే పక్కనే గొంతుక్కూచుని చూసేది, ఏం వెతుకుతున్నానో అడిగి తెలుసుకునేది. ఒకసారి కుళ్లిన ఆకుల కింద నల్లటి చిన్న ఉండల్ని వేలితో కదిపింది.

“ఇది మన్ను కాదు నాయనా, రోకలిబండ పెంటికలు. వానపాము ఈడ యాడ ఉండాది? రోకలిబండను కోసి చూడు.”

కోశాను. ఆ వెయ్యికాళ్ల పురుగు పేగు నిండా నేను వెతుకుతున్న గుల్లలే. ఆ క్షణపు సంతోషం అబద్ధం కాదు, అదొక్కటి నమ్మండి.

దీని మీద పత్రికకు పంపిన వ్యాసంలో మాత్రం “నేను గమనించాను” అని రాశాను. ఎందుకు? చదువురాని మనిషి చెప్పిందంటే నవ్వుతారనా? అది నాకు నేను చెప్పుకున్న సాకు. ఆంధ్ర రాష్ట్రం వేరుపడుతున్న రోజులవి. అక్కడి కాలేజీలో ఉద్యోగానికి అర్జీ పెట్టుకుని ఉన్నాను, ఆ ఘనతలో ఇంకొకరికి వాటా ఉందని తెలియడం నాకు ఇష్టం లేకపోయింది.

అచ్చయ్యాక తీసుకెళ్లి ఆమెకు చూపించాను. ఎందుకు చూపించానో ఇప్పటికీ అర్థం కాదు.

“దీంట్లో నా పేరు యాడ ఉండాది నాయనా?”

ఒక మాట మీద వేలు పెట్టి, “ఇదిగోమ్మా” అన్నాను.

ఆమె తడిచేతిని కొంగుకు తుడుచుకుని, ఆ అక్షరాల్ని మెల్లగా తాకింది. “ఇంత పొడుగుండాదే నా పేరు” అని నవ్వింది.

అది రోకలిబండ శాస్త్రీయ నామం.

ఉద్యోగం వచ్చింది. వెళ్లిపోయాను. కొన్నేళ్లకు ఆమె పోయిందని తెలిసింది. బతికి ఉంటే వెళ్లి చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణని అనలేను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఆ జీవి ఎక్కడ బతుకుతుందో కనిపెట్టింది గుడియాత్తం మంగమ్మ, నేను కాదు. ఇంతే. ఈ ఒక్క వాక్యం రాశాక కలం పక్కనపెట్టాను. కొంచెం తేలికగా ఉంది.