జీపు ముందు సీట్లో మా పిల్లోడు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. చాప మీద చోటుంది. గొంతెత్తి చెప్పగలిగిన సంగతి కాదు ఇది.

నా కొడుక్కి పుట్టినప్పటినుంచీ మెడ నిలవలేదు. తోటి పిల్లలు పాకే వయసుకు వీడికి మూర్ఛలు మొదలయ్యాయి. నడక లేదు, మాట లేదు, నమలడం రాదు. రాగి సంగటిని పాలల్లో జారుగా పిసికి నోట్లో పెట్టి, గొంతు మీద రెండు వేళ్లతో పైనుంచి కిందికి నిమిరితేనే మింగుతాడు. కొంచెం ఏమరుపాటుగా ఉంటే పొలమారుతుంది, రొమ్ములో నెమ్ము చేరుతుంది, ఇంక ఆసుపత్రే. ఆ నిమరడం నాకు తప్ప ఎవరికీ చేతకాలేదు. వాళ్ల నాయన పెట్టబోయినా పెదవులు బిగించేవాడు.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. డాక్టరేమో ప్రొద్దుటూరులో. నెలనెలా పోవాలి. అవి ఊరు రెండు పార్టీలుగా చీలిపోయిన రోజులు. మగవాడు ఒంటరిగా రోడ్డెక్కితే తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. కానీ ఒక కట్టుబాటును ఇరుపక్షాలూ పాటించేవి. బండిలో ఆడమనిషి ఉండి, ఆమె ఒళ్లో బిడ్డ ఉంటే ఆ బండి మీద ఎవరూ చెయ్యెత్తరు. అందుకని మేం బయల్దేరతామని తెలిస్తే చాలు, ముందురోజే మా వైపు మనుషులు వచ్చి గడప దగ్గర నిలబడేవాళ్లు.

"వదినా, రేపు పిల్లోన్ని చూపిచ్చను పోతాండారంట గదా. కోర్టు వాయిదా ఉంది, మేమూ వస్తాం."

మా అత్త ఊరుకునేది కాదు. "ఏందబ్బీ, నా మనవడేమన్నా పోలీసు బందోబస్తా?"

"పోలీసోల్ల కంటే మేలు పెద్దమ్మా. వీడు మామూలు అడగడు."

అందరూ నవ్వేవాళ్లు, నేను కూడా. వాళ్లు తెచ్చే జీపులో ముందు సీటు నాది, వాడిది. బయటికి బాగా కనబడేలా నన్ను కిటికీ వైపు కూర్చోబెట్టేవాళ్లు.

ఒకసారి వంక దాటగానే దారికి అడ్డంగా రాళ్లు కనిపించాయి. కంపచెట్ల వెనకనుంచి మనుషులు లేచారు. వెనక కూర్చున్న నలుగురూ సీట్ల చాటుకు వంగారు. సరిగ్గా అప్పుడే నా ఒళ్లో వాడికి మూర్ఛ వచ్చి, ఒళ్లంతా కొయ్యబారి, నోటి వెంట నురగ కారింది. నాకు ఆ మనుషులూ గుర్తులేరు, వాళ్ల చేతుల్లో ఏమున్నాయో కూడా గుర్తులేదు. వాడిని పక్కకి తిప్పి పట్టుకున్నాను. వాళ్లలో తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన కిటికీ దగ్గరికొచ్చి చూశాడు.

"ఎంతసేపటినుంచి ఇట్లుండాడు అమ్మా?"

"ఇప్పుడే వచ్చింది నాయనా."

ఆయన వెనక్కి తిరిగి, "రాళ్లు తీయండ్రా. బిడ్డ శానా ఇబ్బందిలో ఉండాడు," అన్నాడు. అంతే. ఆరోజు నలుగురు ఇళ్లు చేరారు. వాళ్లను చేర్చింది తానేనని వాడికి తెలియదు.

తర్వాత కాలం మారింది. రెండు పక్షాల పెద్దలూ ఒకే పార్టీ కండువా వేసుకుని ఒకే వేదిక ఎక్కారు. దారి అందరిదీ అయింది. మా గడప దగ్గర నిలబడేవాళ్లు తగ్గారు, జీపూ రావడం మానేసింది. తప్పు పట్టను, వాళ్ల బతుకులు వాళ్లవి. బస్సులోనే పోయేవాళ్లం. వాడు పెరిగాడు, మీసం వచ్చింది. ఒళ్లో పట్టకపోయినా ఒళ్లోనే కూర్చోబెట్టుకునేదాన్ని. వాళ్ల నాయన పోయాక గడ్డం గీయడమూ నా పనే అయింది. మొన్న ఎండాకాలం నీళ్లు పోస్తుంటే నా నడుము పట్టేసి ఇద్దరం బండల మీద పడ్డాం. వాడి తొంటి ఎముక చిట్లింది. వాడు ఏడవలేడు, నా ముఖంలోకి చూస్తూ పడుకున్నాడు.

ప్రొద్దుటూరు డాక్టరు మెల్లగా చెప్పాడు. "అమ్మా, నువ్వు ఉన్నప్పుడే వాడికి ఇంకో చెయ్యి అలవాటు చెయ్యి. లేకపోతే నీ తర్వాత వాడు ముద్ద మింగడు."

ఆ మాటకే లొంగాను. పులివెందుల పక్కన ఇలాంటివాళ్లను చూసుకునే ఇల్లు ఉందన్నారు. ఎముక అతుక్కున్నాక పోదామని అనుకున్నాను. బయల్దేరే రోజు పొద్దున వాకిట్లో కారు ఆగింది. ఒకప్పుడు కోర్టు వాయిదా ఉందని మాతో జీపెక్కినాయన దిగాడు. జుట్టు నెరిసింది, కాలు కుంటుతున్నాడు.

"వదినా, ఈ తూరి వానికి తోడు నేనొస్తా," అన్నాడు. ఆయనా, ఆయన కొడుకూ కలిసి వాడిని ఎత్తి ముందు సీట్లో పెట్టారు.

ఆ ఇంట్లో వాడిని చూసుకునే ఆయమ్మ నాకంటే చిన్నది, మెడలో సిలువ గొలుసు. ఆమె వేళ్లు పట్టుకుని నా గొంతు మీదే నిమిరించి నేర్పాను. మధ్యాహ్నం గిన్నె తీసుకుని కూర్చుంది. వాడు నావైపు చూసి పెదవులు బిగించాడు.

"నువ్వు బయటికి పోక్కా. నువ్వు కనపడితే నా చేత యాడ తింటాడు?"

గోడ అవతల నిలబడ్డాను. లోపల ఆమె ఏదో పాట తీస్తోంది. మీకు కాబట్టి చెబుతున్నాను, వాడు తినకూడదనే కోరుకున్నాను. తినకపోతే మళ్లీ ఇంటికి తెచ్చుకోవచ్చు గదా. పాట ఆగింది. తర్వాత వినబడింది. ఇన్నేళ్లుగా నా వేళ్ల కింద తెలిసిన ఆ గుటక. ఒకటి, ఇంకొకటి.

తిరిగి వచ్చేటప్పుడు ముద్దనూరు దాటాం. అప్పుడు ఆయన, "వదినా, చేతులు దించు. నొప్పి పుడతాయి," అన్నాడు. చూసుకుంటే నా చేతులు వాడిని పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. ఒళ్లో ఏమీ లేదు.

ఇంతసేపు నా పక్కన కూర్చున్నారు. మీ ఇంట ఎత్తుకోవలసినవాళ్లుంటే మీ నడుము గట్టిగా ఉండాలి. మీ తర్వాత ఎత్తుకునే చేతులు మీ కళ్లముందే దొరకాలి. మీ పిల్లల గొంతులో ప్రతి ముద్దా చల్లగా దిగాలి.