మర్యాదతో మాయమైన వంతెన

ఒక ఊరికి రావలసిన సిమెంటు వంతెనను ఒకే ఒక్క మనిషి, ఎవరితోనూ తగాదా పడకుండా, పైసా తినకుండా, కేవలం మర్యాద చేసి ఆపేయగలడా? ఆపగలడండీ. ఆ మహానుభావుణ్ని నేనే. ఆ ఘనకార్యం ఎలా చేశానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఊరంతా ఎప్పుడో నవ్వేసింది.

ఎనభైల మొదట్లో నేను మా ఊరికి ప్రెసిడెంటునయ్యాను. సర్పంచి అనాలి గానీ మా రాజోలు వైపు ఆ మాట ఎవరి నోటా రాదు, ప్రెసిడెంటు గారనే అంటారు. ముప్పై నిండని వయసు, గంజి పెట్టిన ఖద్దరు లాల్చీ, కిర్రుకిర్రుమనే కొత్త తోలు చెప్పులు. అద్దంలో చూసుకుంటే నాకే నమస్కారం పెట్టాలనిపించేది.

గెలిచిన ఉత్సాహంలో 'బుధవారం నడక' అని ఒకటి మొదలుపెట్టాను. ప్రతి బుధవారం పొద్దున్నే గొడుగు చంకన పెట్టుకుని చేలగట్ల మీదా కొబ్బరితోటల్లోనూ తిరుగుతూ, గడపగడపకీ వెళ్లి కష్టసుఖాలు కనుక్కోవాలని నా ఆశయం. కానీ మా కోనసీమలో ఇంటికొచ్చిన మనిషికి కొబ్బరి బొండాం కొట్టివ్వకుండా కష్టం చెప్పుకోరు. ఒక ఇంట్లో తాగి పక్కింట్లో వద్దన్నామా, పక్కింటి ఓట్లు పోయినట్టే. అందుకని అన్ని ఇళ్లలోనూ తాగేవాణ్ని. మధ్యాహ్నానికి నడుస్తుంటే కడుపులో నీళ్లు బిందెలో కదిలినట్టు కదిలేవి.

"ఊరి కష్టాలు తెలుసుకుని వచ్చేరా, ఊరి బొండాలు రుచి చూసి వచ్చేరా?" అనేది మా ఆవిడ సుందరి.

అన్ని నడకల్లోనూ అందరూ చెప్పిన కష్టం ఒక్కటే, పంటకాలువ మీద వంతెన. బడి అవతలి ఒడ్డున ఉంది, ఊరు ఇవతలి ఒడ్డున ఉంది. మధ్యలో రెండు కొబ్బరిదుంగలు. వానాకాలం వాటికి పాకుడు పట్టిందంటే పిల్లలు పలకలతో సహా కాలువలో పడేవారు. నెలలు నిండిన ఆడవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, నడుంలోతు నీళ్లలో మోసుకుంటూ దాటించేవారు. ఓట్లకి వెళ్లినప్పుడు 'వంతెన తెస్తాను' అని అందరికీ మాటిచ్చాను.

నా అదృష్టం కొద్దీ, నా నడకల సంగతి విని అమలాపురం నుంచి ఒక పెద్దాఫీసరు, తానూ ఒక బుధవారం వచ్చి నాతో నడుస్తానని కబురు పంపారు. ఆయన ఒక్క ముక్క రాసి పైకి పంపితే వంతెన వచ్చేసినట్టే. ఆ కబురు తెలిసి, అవతలి ఒడ్డు బడిలో పాఠాలు చెప్పే మరియమ్మ టీచరు గారు మా ఇంటికి వచ్చారు.

"ప్రెసిడెంటు గారండీ, మీరేం చెప్పక్కర్లేదు. ఆయన్ని ఒక్కసారి ఆ దుంగల మీద నడిపించండి, చాలు. మిగతాది దుంగలే చెప్పుకుంటాయి" అన్నారావిడ.

"ఆయ్, అలాగేనండీ" అన్నాను.

అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. ముందురోజు దారి చూసుకుందామని కాలువ గట్టుకు వెళ్లాను. ఆ దుంగలు చూడగానే నాలో ప్రెసిడెంటు పక్కకు తప్పుకుని గోదారి మనిషి నిద్ర లేచాడు. మన ఊరికొచ్చిన అతిథి కాలు జారి పడితే? తెల్ల ప్యాంటుకి బురదంటితే? 'ఏం ఊరయ్యా, మనిషొస్తే ఇదా మర్యాద' అనుకోరూ? వెంటనే కొబ్బరి వ్యాపారం చేసే మా బావమరిది సత్యాన్ని పిలిపించాను.

"ఈ దుంగల్ని కాస్త సర్దాలి సత్యం."

"సర్దడమేంటి బావగారూ, తీసేసి కొత్తవి వేసేద్దారండీ. రెండు చాలవు, నాలుగు వేద్దారి."

"వెయ్యి."

"చేత్తో పట్టుకోడానికి అటూ ఇటూ వెదుళ్లు కట్టమంటారా?"

"కట్టు."

"బూట్లు జారకుండా పైన కొబ్బరిపీచు చాప?"

"పరిచెయ్ రా, అడుగుతావేంటి?"

పొద్దుగూకేసరికి ఆ వంతెన పెళ్లిపందిరిలా తయారైంది. రెండు వైపులా అరటి బోదెలు, పైన కొబ్బరాకుల తోరణం. సత్యం చివర్లో సుందరికి పుట్టింటివాళ్లు పెట్టిన బండారులంక నేత చీరొకటి తెచ్చి వెదుళ్లకి చుట్టబోతే, ఆవిడ వచ్చి లాక్కుపోయింది. నేను నడుం మీద చేతులు పెట్టుకుని చూసి మురిసిపోయాను. ఎందుకు మురిశానో ఇప్పటికీ తెలియదు.

బుధవారం ఆఫీసరు గారు వచ్చారు. చాలా మంచి మనిషి. ఇంటింటా బొండాలు తాగారు. చెమటలు కక్కుతూనే 'బాగుంది, బాగుంది' అన్నారు. చివరికి కాలువ గట్టుకు చేరాం. అవతలి ఒడ్డున మరియమ్మ టీచరు గారు పిల్లల్ని వరసగా నిలబెట్టుకుని ఉన్నారు. తోరణం చూసి ఆవిడ ముఖం ఎలా మారిందో నేను వర్ణించలేను.

"అబ్బ! ఎంత బాగుందండీ!" అన్నారు ఆఫీసరు గారు. హుషారుగా అవతలికి నడిచారు. మళ్లీ ఇవతలికి నడిచారు. జీపులోంచి కెమెరా తెప్పించి ఫోటో తీసుకున్నారు. "ఇంత చక్కటి వంతెన ఉండగా మళ్లీ సిమెంటుది ఎందుకండీ?"

అప్పుడు వెలిగింది నాకు.

"మామూలుగా ఇలా ఉండదండీ."

"మరెలా ఉంటుంది?"

"జారుద్దండీ. ఊగుద్దండీ."

"ఊగట్లేదే?"

"ఊగుద్దండీ, చూపిస్తాను ఉండండి" అని నేను వంతెన మధ్యకు వెళ్లి ఒక గెంతు గెంతాను. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా గెంతాను. చీమంతైనా చలించలేదు. ఊరంతా గట్టు మీద నిలబడి, ఖద్దరు లాల్చీలో గెంతుతున్న తమ ప్రెసిడెంటుని చూస్తోంది.

"ఏనుగెక్కినా కదలదండీ ఆయ్! నేను దగ్గరుండి కట్టించేను" అన్నాడు సత్యం గర్వంగా. వాణ్ని అక్కడే కాలువలో ముంచేయాలనిపించింది.

ఆ కోపం కూడా కలుపుకుని ఎగిరి గెంతాను. కొత్త చెప్పు పీచు చాపలో ఇరుక్కుంది. వెదురు మీదుగా తిరగబడి నేరుగా కాలువలో పడ్డాను. పైకి తేలేసరికి నెత్తి మీద గుర్రపుడెక్క మొక్క పువ్వుతో సహా ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు, కార్యక్రమంలో ఇదీ ఒక భాగమనుకున్నారు పాపం.

ఆఫీసరు గారు వంగి నాకు చెయ్యందించారు. "వంతెనకేం ఢోకా లేదండీ. మీరే కాస్త నిదానంగా నడవాలి" అన్నారు.

తడిబట్టలతో ఇంటికొస్తే సుందరి తువ్వాలు ఇస్తూ అంది: "దెబ్బ చూపించుకోడానికి డాక్టరు దగ్గరికెళ్లే మనిషి, దాని మీద పౌడరు రాసుకుని వెళ్తాడాండీ?"

పోనీ మా ఊరితో పోయిందా? పై వారం చుట్టుపక్కల ఊళ్ల ప్రెసిడెంట్లు ముగ్గురు వచ్చి మా దుంగల ముందు నిలబడ్డారు. ఆఫీసరు గారు పంపారట. 'సిమెంటు వంతెనలు అడిగేముందు ఆ ఊరు చూసి రండి' అన్నారట.

"నీదెలాగూ ముంచుకున్నావు. మాదెందుకు ముంచేవయ్యా?" అని అడిగారు. అడుగుతూనే నేనిచ్చిన బొండాలు తాగారు.

వానలు పడ్డాయి. తోరణం కుళ్లింది, చాప చివికిపోయింది, వెదుళ్లు వరదకి కొట్టుకుపోయాయి. కొత్త దుంగలకీ పాకుడు పట్టింది. మరియమ్మ టీచరు గారు పొద్దునా సాయంత్రం దుంగల పక్కన నడుంలోతు నీళ్లలో నిలబడి, పిల్లల్ని ఒక్కొక్కరినీ చెయ్యిపట్టి దాటించేవారు. నేను ఎదురుపడితే 'నమస్కారమండీ' అనేసి ఇంకో పిల్లాడికి చెయ్యందించేవారు. తిట్టినా బాగుండేది. ఆ వానాకాలమంతా నాకు సిగ్గుతో అన్నం సహించలేదు.

ఏడాది తిరిగేసరికి ఆ ఆఫీసరు గారికి బదిలీ అయింది. కొత్తాయన వస్తున్నారని తెలియగానే టీచరు గారు మళ్లీ మా ఇంటికొచ్చారు.

"చిన్న మనవండీ. ఆయనొచ్చేరోజు మీరు గుమ్మం దాటకండి."

"నేను ప్రెసిడెంటునండీ!"

"అందుకేనండీ. మీరొస్తే మర్యాద చేస్తారు."

"ఈయనకి రేపట్నించి జ్వరం టీచరు గారండీ" అంది సుందరి, నన్ను అడగనైనా అడగకుండా. ఆ బుధవారం నిక్షేపంలాంటి ఆరోగ్యంతో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. గుమ్మానికి బయట గొళ్లెం పెట్టారు.

కొత్తాఫీసరు గారు దుంగ మీద రెండడుగులు వేశారట, మూడోది కాలువలో వేశారట. పైకి లాగాక, ఒళ్లు తుడుచుకోకుండా, ఆ తడిచేత్తోనే వంతెనకి సిఫారసు రాశారట. ఆ పై వేసవికి సిమెంటు వంతెన లేచింది.

ప్రారంభానికి అందరూ వచ్చారు. మైకు ముందు మరియమ్మ టీచరు గారు ఎంతో గంభీరంగా అన్నారు: "మా ప్రెసిడెంటు గారికి ఆ రోజు జ్వరం రాబట్టే ఈ వంతెన వచ్చిందండీ. వారికి మా అందరి ధన్యవాదాలు."

చప్పట్లు ఆగలేదు. నేను లేచి నమస్కారం పెట్టాను, ఇంకేం చేయను?

ఆ రోజే, ఆ కొత్త వంతెన మీద, కింద పారుతున్న గోదారి నీళ్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. కాలు జారవలసిన ఆఫీసరుకు ఈ జన్మలో చెయ్యి అందించను. ఆయన పడవలసిందే. ఒడ్డున ఉతికిన తువ్వాలూ, కొట్టిన బొండాం పట్టుకుని మాత్రం నిలబడతాను. ఆపాటి మర్యాద కూడా చేయకపోతే మా ఊళ్లో నన్ను బతకనివ్వరండీ.